తుఫానుకి రెండు అంకెలు

మా వదినకి 'చాలా' అన్న మాటంటే గిట్టదు. కాలు చాలా నొప్పిగా ఉందంటే "చాలా అంటే? మెట్లెక్కగలవా, లేదా?" అంటుంది. నీళ్ళు చాలా వేడిగా ఉన్నాయంటే "వేలు ముంచగలవా, లేదా?" అని అడుగుతుంది. తప్పు ఆవిడది కాదు. మా రేవు పక్కనున్న ఐసు ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్ళుగా మెషీను చూసుకునే మనిషి. గోడకి బిగించిన గుండ్రటి మీటర్లలో ముల్లు ఎక్కడుందో చూడడం, పుస్తకంలో రాయడం ఆవిడ పని. ముల్లు ఎప్పుడూ 'చాలా' దగ్గర ఆగదు, అంకె దగ్గరే ఆగుతుంది.

అన్నయ్య పెళ్ళినాటికి నాకు పదకొండేళ్ళు. అమ్మ అప్పటికే పోయింది. నా తలలో పేలు తీసింది, ఎక్కాలు అప్పజెప్పించుకుంది, బీడీ కాలుస్తుంటే పట్టుకుని వీపు చీరేసింది వదినే. అందుకే నాకు నలభై ఏళ్ళు దగ్గరపడుతున్నా ఇప్పటికీ "ఒరేయ్" అనే పిలుస్తుంది. అన్నయ్య మా బోటుకి సరంగు, అంటే బోటు నడిపే పెద్ద. ఆయన మాటలు రోజుకి పది దాటవు. అదే బోటులో ఇంజను చూసుకునేది నేను. మా ఇంటికి రావలసిన మాటలూ, కోపమూ మొత్తం నా వాటాకే వచ్చాయి. ముక్కు మీద కోపం, దాని వెనకే నోరు.

ఐసు దిమ్మ గట్టిపడడానికి దాదాపు రెండు రోజులు పడుతుంది. ఇనప డబ్బాల్లో నీళ్ళు నింపి, గడ్డకట్టించే ఉప్పునీళ్ళ తొట్టిలో దించి కూర్చోవాలి. అంటే ఎల్లుండి బోట్లు వేటకి వెళతాయా, వెళ్ళవా అన్నది ఫ్యాక్టరీకి ఇవాళే తెలియాలి. తుఫాను వచ్చి బోట్లు ఆగిపోతే దిమ్మలు గది నిండా పేరుకుపోతాయి. రాదనుకున్న ఎండ వచ్చి సముద్రం సర్దుకుంటే నలభై బోట్లవాళ్ళు గేటు మీద పడి అరుస్తారు. ఇంత ముఖ్యమైన సంగతిని ఫ్యాక్టరీ ఓనరు తన ఎడమ మోకాలిని అడిగి తేల్చేవాడు. మోకాలు లాగితే సగం డబ్బాలు, లాగకపోతే మొత్తం డబ్బాలు.

వదినకి ఈ పద్ధతి నచ్చలేదు. రేడియోలో "తీవ్ర తుఫాను" అనేవాళ్ళు, తర్వాత "అతి తీవ్ర తుఫాను" అనేవాళ్ళు.

"అతి తీవ్రం అంటే ఎన్ని డబ్బాలు నింపాలిరా?" అని నన్నడిగేది.

"రేడియోనే అడుగు," అనేవాణ్ణి.

ఫోనుని నోటితో అడిగితే వెతికిపెడుతుందని ఎవరో చెప్పారు. "తుఫాను ఎంత గట్టిది?" అని అడిగింది. పాటలొచ్చాయి. ఇంకాస్త గట్టిగా అడిగింది. ఇంకాసిని పాటలొచ్చాయి. లాభం లేదని, చదివింది ఎనిమిదో తరగతే అయినా, పాత డిక్షనరీ ఒకటి సంపాదించి ఉపగ్రహం, తీవ్రత, అంచనా అన్న మూడు మాటలకీ ఇంగ్లీషు వెతికి అట్టముక్క మీద రాసుకుంది. మధ్యాహ్నం అన్నాలయ్యాక మెషీను పక్కన స్టూలు మీద కూర్చుని, ఒక్కో అక్షరం వేలితో పొడుస్తూ నాలుగు రోజులు వెతికింది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం ఆవిడ. అయిదో రోజున ఏదో దూరదేశపు వాతావరణ కేంద్రం పేజీ తెరుచుకుంది. నల్లటి పేజీ, బొమ్మ లేదు, రంగు లేదు, పైనుంచి కింది దాకా అంకెల వరసలు. నేనైతే ఫోను పాడైందనుకునేవాణ్ణి. వదిన మొహం వెలిగిపోయింది.

అది చదవడం నేర్చుకోవడానికి ఆవిడకి ఒక వానాకాలం పట్టింది. ఒక్కో వరస అరగంటకొకటి. ఆ పేజీలో వాడేది మన గడియారం కాదు, ప్రపంచానికంతటికీ కలిపి పెట్టుకున్న టైమట. అది తెలియక, పేజీ ఎప్పుడు చూసినా గంటల కొద్దీ వెనకబడి ఉందని, ఆ ఆఫీసువాళ్ళు ఒట్టి సోమరిపోతులని వారం రోజులు తిట్టింది. తెలిశాక ఫోనుకేసి చూస్తూ "పాపం, ఊరికే అన్నాను వాళ్ళని" అని నొచ్చుకుంది. ఫోనుకి క్షమాపణ చెప్పిన మనిషిని నేను ఆవిడనొక్కదాన్నే చూశాను.

ఒకరోజు ఐసు కోసం బోటు తెచ్చి రేవులో కట్టి ఫ్యాక్టరీకి వెళితే, నన్ను లోపలికి లాక్కెళ్ళింది.

"ఒరేయ్, ఇది విన్నావా? పైనుంచి ఉపగ్రహం ఏం చూస్తుందో తెలుసా? మబ్బు పైభాగం ఎంత చల్లగా ఉందో చూస్తుంది. మబ్బు ఎంత ఎత్తుకి లేస్తే అంత చల్లన. చల్లటి మబ్బు గుండ్రంగా చుట్టుకుని ఎంత బిగిసిందో, మధ్యలో కన్ను ఎంత వెచ్చగా ఉందో చూసి అంకె వేస్తారు. ఒకటి నుంచి ఎనిమిది దాకా. తుఫానుని కూడా చల్లదనంతోనే కొలుస్తారురా, మన ఐసులాగే!"

సొంత చెల్లెలు పెద్ద ఉద్యోగంలో ఉందని తెలిసినంత సంతోషం ఆవిడ గొంతులో. నాకు నవ్వొచ్చింది కానీ ముద్దుగా కూడా అనిపించింది. ఈ మనిషికి ఎనిమిదో తరగతిలో చదువు మానిపించినవాళ్ళని పిలిచి ఆ క్షణం చూపించాలనిపించింది.

ఆ రోజే రెండు అంకెల సంగతి కూడా చెప్పింది. ప్రతి వరసలోనూ పక్కపక్కనే రెండు అంకెలుంటాయి.

"మొదటిది మబ్బు ఇప్పుడెలా కనబడుతోందో చెబుతుంది. రెండోది కింద గాలి ఎంతుందో చెబుతుంది. తుఫాను పెరిగేటప్పుడు రెండూ కలిసే ఎక్కుతాయి. తగ్గేటప్పుడు అలా కాదు. మబ్బు ముందు చెదిరిపోతుంది, గాలి పూటో పూటన్నరో ఆగి గానీ తగ్గదు. మోటారు ఆపేస్తే దిమ్మ ఆ నిమిషానే నీళ్ళవుతుందా? కాదుగా? అందుకని తగ్గేటప్పుడు నువ్వు మొదటి అంకె చూడకు. రెండోదే చూడు. వింటున్నావా?"

"ఊఁ," అన్నాను, డీజిలు ఫిల్టరు తుడుచుకుంటూ.

అప్పట్నించి తుఫాను పట్టినప్పుడల్లా ఐసు ఫ్యాక్టరీ గేటు మీద సుద్దముక్కతో రెండో అంకె రాసేది. దాని కింద ప్రతిసారీ ఒకే మాట: "ఇది ఐసు కోసం. జెండా దిగేదాకా ఎవరూ కదలద్దు." రేవులో ఆఫీసు స్తంభానికి కట్టే ఎర్ర జెండా గురించి ఆ మాట. మా సరంగులు మాత్రం కింది మాట వదిలేసి పై అంకె చదువుకునేవాళ్ళు. రెండేళ్ళు అంకె తప్పలేదు. ఓనరు మోకాలికి విశ్రాంతి దొరికింది. రేవంతా వదినని నంబరమ్మ అని పిలవడం మొదలుపెట్టింది. "ఏం పేరురా అది, కరెంటు మీటరుకి పెట్టినట్టు!" అని విసుక్కునేది కానీ, ఎవరైనా అలా పిలిస్తే నడక మారేది.

పోయినేడు వచ్చిన తుఫాను మా తీరాన్ని తాకలేదు. మా బోట్లు వేటకి వెళ్ళే మేరలోంచి పక్కగా సాగిపోతూ ఉంది. నాలుగు రోజులు బోట్లు కట్టేసి కూర్చున్నాం. నాకు కూర్చోవడం చేతకాదు. అయిదో రోజు పొద్దున్న ఎండ కాసింది. ఫ్యాక్టరీలో పెద్ద మోటారు మొరాయించి వదిన రాత్రంతా అక్కడే ఉండిపోయింది. "నేను మోటారు దగ్గర్నుంచి కదలలేను, పొద్దున్నే నీ ఫోనులో పేజీ చూసి గేటు మీద రాయరా" అని ముందురోజు సాయంత్రమే నాకు చెప్పింది.

చూశాను. మొదటి అంకె రెండున్నర. నా చూపు అక్కడే ఆగిపోయింది. మనకి కావలసిన అంకె ముందే కనిపిస్తే చూపు పక్కకెందుకు వెళుతుంది? గేటు మీద రెండున్నర అని పెద్దగా రాసి, కింది మాట రాయకుండానే, జెట్టీ మీదకి పోయి "తుఫాను పోయిందొహో!" అని అరిచాను. జెండా ఇంకా ఎగురుతోంది. దాన్ని దించే గుమాస్తా పది దాటితే గానీ రాడని నేనే సర్దిచెప్పాను.

అన్నయ్య ఒక్క మాట అడిగాడు. "మీ వదిన చూసిందా?"

"ఆవిడ లెక్కే," అన్నాను.

మూడు బోట్లు కదిలాయి. మధ్యాహ్నానికి నడిసముద్రంలో గాలి మమ్మల్ని పట్టుకుంది. దాని గురించి ఎక్కువ చెప్పను. మా వలలన్నీ పోయాయి. పక్క బోటు గది పైకప్పు లేచిపోయింది. మా బోటు వంటమనిషికి పక్కటెముకలు విరిగాయి. ఇంజను గది మూత గాలికి ఎగిరి నా ఎడమచేతి మీద పడి రెండు వేళ్ళు నలిగిపోయాయి. మర్నాడు ఎలాగో అందరం ప్రాణాలతో ఒడ్డుకి చేరాం. ఆ రెండు వేళ్ళూ ఆస్పత్రిలో తీసేశారు.

వదిన ఫ్యాక్టరీ రబ్బరు బూట్లతోనే ఆస్పత్రికి వచ్చింది. నా కట్టు చూసింది, తల నిమిరింది. తర్వాత నెమ్మదిగా అడిగింది.

"ఒరేయ్, ఏ అంకె చూశావు?"

ఆపాటికి పక్క మంచం మీది వంటమనిషి మూలుగు నాకు వినబడుతోంది. వరండాలో, పైకప్పు లేచిపోయిన బోటు నడిపే మీసాల సరంగు అరుపులు వినబడుతున్నాయి. నా నోట్లోంచి అబద్ధం దానంతటదే వచ్చింది.

"రెండోదే వదినా."

"రెండోదే రెండున్నర ఉందా?"

"అదే ఉంది."

ఆ పేజీలో పాత వరసలు కూడా అలాగే ఉంటాయి. వదిన ఒక్కసారి తెరిచి వెనక్కి జరిపితే నా బండారం బయటపడేది. తెరవలేదు. నా మాట మీద ఆవిడకి అనుమానం రాలేదు, తన మీద వచ్చింది. ముల్లుని తప్ప దేన్నీ నమ్మని మనిషి, నన్ను ముల్లు కంటే ఎక్కువ నమ్మింది. ఇంటికెళ్ళే దారిలో గేటు మీద నా రాతని చీర చెంగుతో తుడిచేసిందని తర్వాత వాచ్‌మన్ చెప్పాడు.

మళ్ళీ ఆవిడ గేటు మీద ఏమీ రాయలేదు. పేజీ తెరవలేదు. ఓనరు మోకాలు ఉద్యోగంలో చేరింది. "నంబరమ్మ మాట విని చేతులు కాల్చుకున్నాం" అని రేవులో ఎవరు ఎవరితో అన్నా, నేను గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేవాణ్ణి. కక్కలేను, మింగలేను. చెబుదామని రెండుసార్లు ఫ్యాక్టరీ దాకా వెళ్ళి, ఐసు తీసుకుని వెనక్కొచ్చాను. ఒకసారి వదినని గాలి ఎలా ఉండచ్చని అడిగితే "ఏమోరా, చాలా ఉండచ్చు" అంది. ఆ మాట నా గుండెల్లో గుచ్చుకుంది.

ఈ ఏడు మళ్ళీ అలాంటి తుఫానే పట్టింది. అదే తీరు, అదే దారి. మూడు రోజులు కట్టేసి కూర్చున్నాక, నాలుగో రోజు ఏడు గంటలకే ఎండ ఫెళ్ళున కాసింది. జెండా ఎగురుతూనే ఉంది. అయినా మీసాల సరంగు అప్పటికే ఐసు ఎత్తించేశాడు. ఆయన్ని చూసి మరో ఏడు బోట్లు, అందులో మాదీ.

"ఎండ చూడండయ్యా! జెండాకి కళ్ళున్నాయా, మనకున్నాయి గానీ!" అంటున్నాడాయన.

నేను మూలకి పోయి ఫోను తీశాను. మొదటి అంకె రెండు. ఈసారి పక్కకి చూశాను. రెండోది మూడున్నర. నా చేతిలో లేని వేళ్ళు రెండూ సలిపాయి.

అన్నయ్య అప్పటికే బోటెక్కాడు. "అన్నయ్యా, ఇవాళ వద్దు," అన్నాను.

"ఏం?"

ఏమని చెప్పాలి? అంకె చెబితే, పోయినేటి అంకె సంగతి కూడా చెప్పాలి. "నాకు కడుపులో బాగాలేదు," అన్నాను.

"అయితే నువ్వు ఉండిపో," అని ఇంజను వేశాడు.

పరుగెత్తాను. జెట్టీ నుంచి ఫ్యాక్టరీకి అరకిలోమీటరు. నా పరుగు చూసి కుక్కలు కూడా పక్కకి తప్పుకున్నాయి. వదిన తొట్టి గట్టు మీద నిలబడి డబ్బాలు పైకి తీయిస్తోంది.

"వదినా, ఆ రోజు నేను రెండో అంకె చూడలేదు!"

మోటారు చప్పుడులో వినబడలేదు. "ఏంటి?" అంది చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని. గొంతు చించుకుని అరవాల్సొచ్చింది.

"మొదటిదే చూశాను! మొదటిదే రాశాను! ఆస్పత్రిలో నీకు అబద్ధం చెప్పాను!"

డబ్బాలు లాగుతున్నవాళ్ళు ఆగిపోయారు. వదిన నన్ను అలాగే చూసింది. చెంప పగలగొడుతుందనుకున్నాను, కొట్టినా బాగుండేది. చేతులు చీరకి తుడుచుకుంది.

"ఇప్పుడు రెండోది ఎంతుంది?"

"మూడున్నర."

"మొదటిది?"

"రెండు. అన్నయ్య ఇంజను వేసేశాడు."

వేళ్ళ మీద గంటలు లెక్కపెట్టుకుంది. బూట్లయినా విప్పకుండా బయల్దేరింది. యాభై దాటిన మనిషి, నేను వెనకబడ్డాను.

జెట్టీ మీద నిలబడి అందరికీ వినబడేలా చెప్పింది. "కదలకండి. మబ్బు చెదిరింది కానీ గాలి చావలేదు. సాయంత్రం దాకా తగ్గదు."

మీసాల సరంగు రెండు చేతులూ జోడించాడు. "నీకో దండం తల్లీ. ఒకసారి నీ మాట వింటే వీడి వేళ్ళు పోయాయి, వాడి ఎముకలు విరిగాయి. ఈసారి వింటే ఏం పోగొట్టుకోమంటావు?"

కొందరు నవ్వారు. వదిన నోరు తెరిచి, మూసేసింది. "ఆ పని చేసింది మా మరిది" అని ఒక్క ముక్క అంటే చాలు. అనలేదు. తలొంచుకుని బూట్లకేసి చూసుకుంటూ నిలబడింది. కాసేపటి క్రితమే నా అబద్ధం బయటపడ్డాక కూడా, పదిమందిలో నన్ను కాస్తోంది. అది చూసి నేను తట్టుకోలేకపోయాను.

చేపల పెట్టెలు పేర్చి ఉంటే వాటి మీదకెక్కాను. మూడు వేళ్ళ చెయ్యి పైకెత్తాను.

"ఆ అంకె వదినది కాదు! నాది! ఆవిడ రెండోది చూడమంది, నేను మొదటిది చూశాను. జెండా దిగేదాకా ఆగమని రాయమంది, నేను రాయలేదు. అన్నయ్యా, వదిన చూసిందా అని నువ్వడిగితే చూసిందన్నాను. చూడలేదు. ఈ వేళ్ళు నేనే పోగొట్టుకున్నాను. ఆ ఎముకలు నేనే విరగ్గొట్టాను. ఏడాది పాటు ఆవిడ మీదకి నెట్టి బతికాను!"

తిట్లు మొదలయ్యాయి. అన్నిటికీ నేను తగినవాణ్ణే కాబట్టి ఒక్కదానికీ జవాబు చెప్పలేదు. నా జీవితంలో అలా ఊరుకోవడం అదే మొదలు. వంటమనిషి నా కాళ్ళ దగ్గర ఉమ్మేసి పక్కకి వెళ్ళిపోయాడు. అతను ఇప్పటికీ నాతో మాట్లాడడు.

అన్నయ్య ఇంజను ఆపి దిగాడు. నా పక్కనుంచే వెళ్ళాడు, నాకేసి చూడలేదు. నేరుగా వదిన దగ్గరికెళ్ళి అడిగాడు.

"ఎప్పటిదాకా?"

"రెండో అంకె రెండు కిందకి దిగాలి. ఆ జెండా కూడా దిగాలి. రెండూ అయ్యాకే."

అన్నయ్య మళ్ళీ వెళ్ళి, ఒక తాడుతో కట్టిన బోటుకి రెండో తాడు కూడా బిగించాడు. అది చూసి పక్కబోటువాడు కట్టాడు. మీసాల సరంగు గంట పాటు గొణిగి, చివరికి తనూ కట్టాడు. ఎక్కించిన ఐసు కరిగి బోట్ల అడుగున నీళ్ళవడం మొదలైంది. వదిన తన చేతులతో తయారుచేసిన దిమ్మలవి. మావాళ్ళు ఆ నీళ్ళు తోడేస్తుంటే చూస్తూ నిలబడింది గానీ అయ్యో అనలేదు. పదకొండు గంటలకి, ఎండ ఎండలాగే ఉండగా, రేవు గోడ అవతల సముద్రమంతా తెల్లబడిపోయింది. గోడ దాటి నీళ్ళు జెట్టీ మీదకి కొట్టాయి. మీసాల సరంగు టోపీ ఎగిరిపోయింది, ఆయన దాని వెనక పరుగెత్తలేదు.

మధ్యాహ్నం ఫ్యాక్టరీకి వెళ్ళాను. వదిన స్టూలు మీద కూర్చుని మీటర్లకేసి చూస్తోంది.

"తిట్టు వదినా," అన్నాను.

"ఏం తిట్టను? వేళ్ళు పోయిన రోజు నీకంటే ఎక్కువ ఏడ్చాను. నేను చదవడమే తప్పు నేర్చుకున్నాననుకున్నానురా. నాకు తెలిసిందంతా తప్పేమోనని. ఈ ముల్లు చూడ్డానిక్కూడా భయమేసేది. ఒకసారి రాసి, మళ్ళీ వచ్చి చూసేదాన్ని, మళ్ళీ వచ్చి చూసేదాన్ని. రోజుకి ఇరవైసార్లు. ఏడాది పాటు."

ఆవిడ అలా పదేపదే మీటర్ల దగ్గరికి వెళ్ళడం నేనూ చూశాను. వయసు మీద పడుతోందనుకున్నాను. ఏదో అనబోయి ఏడుపు ముంచుకొచ్చింది.

"చాల్లే, ముక్కు తుడుచుకో. అరగంటయింది. పేజీ తియ్యి."

తీశాను.

"చదువు. రెండూ."

"మొదటిది ఒకటిన్నర. రెండోది మూడు."

వదిన చెయ్యి చాపింది. ఫోను తీసుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని, వరస మీద వేలు ఉంచి మొదటి అంకె చూసుకుంది, రెండో అంకె చూసుకుంది. తర్వాతే పుస్తకంలో రాసింది. నాకు పదకొండేళ్ళప్పటి నుంచీ నేను చెప్పిన మాటని వదిన సరిచూసుకోవడం అదే మొదటిసారి.